మిద్దె మీద మంద

మాఘమాసం దాటి ఎండ కాస్త ముదరగానే మా మిద్దె మీది కుండీలు నీళ్ళు తాగేటప్పుడు ఒక చప్పుడు చేస్తాయి. ఆరి బీటలు వారిన మన్ను మీద పొద్దున్నే చెంబుతో నీళ్ళు పోస్తే ముందు బుడగలు లేస్తాయి, తర్వాత సన్నగా బుస్సుమంటూ మన్ను ఆ నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. దానితోపాటే పాత గొర్రె ఎరువు వాసన గుప్పున పైకి లేస్తుంది. పెరటి మొక్కల గురించి మాట్లాడేవాళ్ళందరూ మనశ్శాంతి, ప్రశాంతత అంటుంటారు. నాకైతే ఆ చప్పుడు వినగానే ముందుగా పుట్టేది చిరాకు. పక్కన ఓబులమ్మవ్వ గొంతుక్కూర్చుని "పల్లకుండు మే, అది తాగుతాంది, తాగనీ" అన్నట్టే ఉంటుంది. నేనేమీ అనకముందే నన్ను పల్లకుండమనడం ఆమెకు అలవాటు. పోయి ఏళ్ళు గడిచినా ఆ అలవాటు మానుకోలేదు.

మేము ప్రొద్దుటూరు వచ్చింది మా ఆయన ఉద్యోగం వల్ల. ఆయనకు కలమల్ల దగ్గర కరెంటు తయారుచేసే చోట పని. క్వార్టర్సు దొరక్క ప్రొద్దుటూరులో ఒక మిద్దె పై అంతస్తు అద్దెకు తీసుకున్నాం. ఇంటర్ పిల్లలకు ఇంట్లోనే ఫిజిక్సు ట్యూషన్ చెప్పేదాన్ని. పొద్దున ఒక గుంపు, సాయంత్రం ఒక గుంపు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీయే నా కొంప ముంచింది. ఒక కార్తీకమాసంలో కింది గదిలోకి ఓబులమ్మవ్వ దిగింది. జమ్మలమడుగు అవతల గొర్రెలు మేపుకుని బతికే కుటుంబం వాళ్ళది. పెళ్ళయిన నాటి నుంచీ మందతోపాటు కొండలూ చేలూ పట్టుకుని తిరిగిన మనిషి. చక్కెర జబ్బు ముదిరి మూత్రపిండాలు పాడైపోతే, వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోవాలన్నారు. కొడుకు ఓబులేసు నాపరాళ్ళ లారీ తోలతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. తల్లిని చూసుకోవడానికి మంద అమ్మేసి, ఆస్పత్రికి దగ్గరని మా కింది గది తీసుకున్నాడు. సామాను దించిన రోజే మెట్లెక్కి వచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, మీరు పగలంతా ఇంటి కాడనే ఉంటారంట గదా. మాయమ్మకు దినానికి ఇన్నే నీళ్ళు ఇయ్యాలని డాక్టరు సెప్పినాడు. ఆయమ్మ నా మాట ఇనదు. పొద్దున్నే ఈ బాటిలు నింపి ఇయ్యండి. అంతకు మించి తాగకుండా సూడండి, అదొక్కటే."

సరే అన్నాను. ఎదుటి మనిషి ముఖం మీద కాదనడం నాకు చేతకాదు, దానికి నేను చెల్లించుకున్నది అంతా ఇంతా కాదు. అదొక చిన్న స్టీలు బాటిలు, బడికెళ్ళే చంటిపిల్లల మెడలో వేలాడేంత. మందులు మింగడానికీ, మాట్లాడి నోరెండితే తడుపుకోవడానికీ, అన్నంలోకీ రోజంతటికీ అదే. మాది కృష్ణ కాలువల పక్క ఊరు. నీళ్ళ గురించి ఎవరూ ఆలోచించని చోట పుట్టి పెరిగాను. అలాంటిదాన్ని ఇంత దూరం వచ్చి ఇంకో మనిషి దాహాన్ని కొలిచే పనిలో ఇరుక్కున్నాను.

మొదటి రోజు బాటిలు పట్టుకెళ్ళి, "అవ్వగారూ, మీరు దీన్ని సాయంత్రం దాకా సర్దుకోవాలి" అన్నాను. ఆమె మంచం మీద నుంచి నన్ను కిందికీ మీదికీ చూసింది.

"మీరంట, మీరు. ఈడ ఎంతమందుండారని? నేనొక్కదాన్నే గదా." బాటిలు ఎత్తి వెలుతురుకు పట్టింది. "పాలు మరిసిన గొర్రెపిల్ల గూడా ఇంతకంటే శానా తాగుతాది. మా ఊర్లో సెరువు తూము కాడ నీరుగంటి ఉండేవాడు. యా చేనికి ఎన్ని నీళ్ళు వదలాల్నో వాడే సెప్పేది. ఊరంతా కూడబలుక్కుని వాన్ని తిట్టేది. ఈడ నాకు నువ్వు దొరికినావు."

ఆనాటి నుంచి నా పేరు నీరుగంటి అయిపోయింది. ట్యూషన్ పిల్లల ముందు, పాలు పోసే ఆమె ముందు, చివరికి మా అత్తగారు వచ్చినప్పుడు ఆమె ముందు కూడా కింది నుంచి "మే, నీరుగంటీ" అని కేక వేసేది. పిలిచి చెప్పేది కూడా పెద్దగా ఏమీ ఉండేది కాదు. బాటిలు ఖాళీ అయిందని చెప్పేది. పదకొండు కాకముందే ఖాళీ అయ్యేది. నేను ఇవ్వనని చెప్పేదాన్ని. ఆమె తిట్టేది. ఆ తిట్లు కొన్ని నాకు అర్థమయ్యేవి కావు, పిల్లల్ని అడిగితే నవ్వి తల దించుకునేవాళ్ళు. ఒకసారి స్నానానికి పెట్టుకున్న బకెట్లో చెంబు ముంచి తాగుతుంటే పట్టుకున్నాను. ఒకసారి తడి తువ్వాలు నోట్లో పెట్టుకుని పీలుస్తుంటే చూశాను. ఆ రెండోసారి మెట్లెక్కి వచ్చేసి, ఆ సాయంత్రం పిల్లలందర్నీ కారణం లేకుండా కసిరాను.

నీళ్ళతోనే సరిపెట్టుకుంటే బాగుండును. మిషను దగ్గరికి వెళ్ళడం కూడా ఎగ్గొట్టడం మొదలుపెట్టింది. చేతికి సూదులు గుచ్చి గంటలకొద్దీ కదలకుండా పడుకోబెడతారు, నడిచి బతికిన మనిషికి అది నరకమే, కాదనను. కాని గదికి తాళం వేసి మాయమైతే నేనేం చెయ్యాలి? ఓబులేసు ఏ బెంగుళూరు రోడ్డులోనో ఉండి ఫోన్ చేసేవాడు. నేను ఆటో కట్టించుకుని వెతికేదాన్ని. ఎప్పుడూ ఒకే చోట దొరికేది. ఎవరిదో మంద పెన్నేటి ఇసుకలో దిగి ఉంటే, ఆ గొర్రెల మధ్య కూర్చుని ఒకదాని చెవులో మరొకదాని కాళ్ళో చూస్తూ ఉండేది. "మేపేటోడు సేతగానోడు, గిట్టలు సూడు ఎట్లుండాయో" అనేది, నేను గిట్టలు చూడటానికే వచ్చినట్టు. సంక్రాంతి వెళ్ళాక అలా వరసగా ఎగ్గొట్టిన వారంలో ఒళ్ళంతా నీరు చేరి ఊపిరాడక గదిలో పడిపోయింది. నేనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు నన్ను పట్టుకుని చడామడా తిట్టాడు. "ఇంకొక్కసారి ఇట్లా తెస్తే మేము చేయగలిగింది ఉండదు. మీరేనా చూసుకునేది?" అన్నాడు. కాదని చెప్పబోయి ఊరుకున్నాను. చూసుకుంటున్నది నేనే కదా.

కోలుకుని ఇంటికొచ్చాక ఆమె మంచం పక్కన కూర్చుని, నాకు ఏడుపొచ్చి, "నీ మంచికే చెబుతున్నానవ్వా, నా మీద దయ ఉంచి వెళ్ళవ్వా" అని బతిమాలాను. అప్పటికి మీరు అనడం మానేశాను. ఆమెకు కోపం వచ్చింది.

"జాలి పడొద్దు మే. జాలి పడితే నాకు ఒళ్ళు మండుతాది. మేం చేలల్లో మంద కడితే రైతులు మాకు జాలిపడి గింజలు పెట్టినారా? మా మంద ఎరువు వాళ్ళకి, వాళ్ళ గింజలు మాకి. తెల్లారితే ఎవురి దావ వాళ్ళది. నీకు నాతో పనుంటే బేరం పెట్టుకో."

మంద కట్టడమంటే ఏమిటో నాకు ఆమే చెప్పింది. కోతలయ్యాక ఖాళీ చేలో రాత్రంతా గొర్రెల్ని వలలో నిలబెడతారు. వాటి పెంటికలూ ఉచ్చా ఆ నేలకు బలం. రాత్రికో జాగా చొప్పున మందను జరుపుకుంటూ పోతే చేనంతా ఎరువు పడుతుంది. ఇన్నాళ్ళని మాట్లాడుకుని రైతు గింజలిస్తాడు. ఆమె లోకమంతా ఆ లెక్కలోనే నడిచేది. సరే బేరమేమిటో నువ్వే చెప్పమన్నాను. "గండికి మొక్కుండాది. కారులో తీసకపో. ఆ మీదట మాట్లాడదాం" అంది. అప్పుడే కారు నేర్చుకుని ఒక పాత బండి కొనుక్కుని ఉన్నాను. వీధి చివరి దాకా తోలాలన్నా చేతులు చెమటలు పట్టే రోజులు.

మిషను లేని ఖాళీ రోజు చూసుకుని మాఘమాసంలో ఒక పొద్దున బయలుదేరాం. యర్రగుంట్ల దాటాక రెండు వైపులా శనగచేలు కోతకొచ్చి ఉన్నాయి. వేపచెట్లు ఆకు రాల్చి ఎర్రటి చిగురు వేస్తున్నాయి. చలి ఇంకా పోలేదు, ఎండ తగిలిన చోట హాయిగా ఉంది. నేను మాత్రం ఎదురొచ్చే ప్రతి లారీకీ బండిని రోడ్డు అంచుకు దించేస్తున్నాను. పక్కన ఆమె "ఎనుము గూడా ఇంతకంటే బెరీన నడుస్తాది" అంటూ కూర్చుంది. గండిలో ఆంజనేయస్వామి ముందు ఇలా నిలబడి అలా వచ్చేసింది. పాపాఘ్నిలో సన్నగా పారుతున్న నీళ్ళలో చేతులు పెట్టింది. ఆమె చేతులు నోటి దాకా వెళ్తాయేమోనని నేను కొంగు పట్టుకుని నిలబడ్డాను. మొక్కు అయిపోయింది కదా అని బండి తిప్పబోతే, "ఇంత దూరం వచ్చినాం, పులివెందుల దావలో ఇంకొంచెం ముందుకు పో" అంది. ఆ కొంచెం ఎంతకూ అయిపోలేదు. నేను ఆపినప్పుడల్లా "అదిగో ఆ మలుపే" అనేది. స్వామి మొక్కు వట్టి సాకని, ఈమె బయలుదేరింది వేరే చోటికని నాకు అప్పటికి తెలిసొచ్చింది. స్టీరింగు మీద తల కొట్టుకోవాలనిపించింది.

చివరికి ఒక చీనీతోట ముందు ఆపించింది, మావైపు బత్తాయి అంటాం. తలుపు తీయగానే వాసన వచ్చి ముఖానికి కొట్టింది. తోటంతా పూత మీద ఉంది. కొమ్మ కొమ్మకూ తెల్లటి పూలు, మొగ్గలు, నేల మీద రాలిన రేకులు. నా కోపం సగంలో ఆగిపోయింది, అది కూడా నాకు కోపంగానే ఉంది. తోట యజమాని గంగయ్య అరవై దాటినవాడు, పరుగున వచ్చాడు.

"అక్కా, మంద అమ్మినారంట గదా. ఇని శానా బాధపడితి. ఇప్పుడు లారీ ఎరువు కొంటాండాం, అది యాడిదో, అందులో ఏముండాదో ఎవురికి తెల్సు."

ఆమె ఒక చెట్టు పాదులో మన్ను పిడికెడు తీసి నలిపింది. ఈ చెట్లు నాటక ముందు అది చేనట. ఏటా వేసవిలో వాళ్ళ మంద అక్కడే కట్టేవాళ్ళట. "ఈ సెట్లు తినేదంతా నా గొర్రెలు పెట్టిందే" అంది నాతో. గొప్పలు చెప్పుకునే గొంతు కాదది, ఉన్నమాట చెప్పే గొంతు. ఇంతలో గంగయ్య భార్య లక్షుమ్మ రెండు పెద్ద గ్లాసుల నిండా చీనీరసం తెచ్చి ఇద్దరి చేతుల్లో పెట్టింది. ఆ జబ్బుకు నీళ్ళెంత చెడ్డో చీనీరసం అంతకంటే చెడ్డ. "ఆమె తాగకూడదండీ" అన్నాను. లక్షుమ్మ ముఖం చిన్నబోయింది.

"ఇంటికొచ్చిన మనిషికి నోరు తడుపుకోనీకి గూడా వద్దంటే ఎట్లమ్మా?"

అందరూ నా వైపు చూశారు. మా కోస్తావాళ్ళ మర్యాద గురించి నాకు ఎంత గొప్పగా ఉండేదో, ఆ క్షణాన అక్కడ అంత మర్యాద లేని మనిషిని నేనే అయ్యాను. అవ్వ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత నా చేతికిచ్చింది. "వాళ్ళను బాధపెట్టొద్దు. రెండూ నువ్వు తాగు. నేను సూస్తా." తాగాను. నేను మింగే ప్రతి గుటకకూ ఆమె నా గొంతునే చూసింది. అంత తియ్యటి రసాన్ని అంత కష్టపడి తాగడం నా జన్మలో మళ్ళీ జరగలేదు.

తర్వాత ఆమె, "ఏమప్పా గంగయ్యా, సెట్లకు నీళ్ళు ఇడువు, సూస్తా" అంది. ఇప్పుడు కాలువలు లేవని, అంతా డ్రిప్పు అని చెప్పి ఆయన నేల మీది నల్ల పైపు చూపించాడు. చుక్క తర్వాత చుక్క పడుతోంది. ఆమె వంగి చాలాసేపు చూసింది. "ఈటికి గూడా నీరుగంటిని పెట్టినావా నాయనా" అంది. గంగయ్యకు అర్థం కాలేదు. అయినా ఆమె మాట కొట్టెయ్యలేక బోరు దగ్గర్నుంచి లావు పైపు లాక్కొచ్చి ఒక చెట్టు పాదులో పెట్టాడు. నీళ్ళు గలగలా పడ్డాయి. అవ్వ గట్టు మీద గొంతుక్కూర్చుని, పాదు నిండేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. నేను టైమవుతోందని అనబోయాను.

"పల్లకుండు మే. అది తాగుతాంది. తాగనీ."

ఆమె నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. గొంతు కదులుతోంది. రోజూ పొద్దున్నే ఆ చిన్న బాటిలు నింపే నా చెయ్యి నాకే నచ్చలేదు. ఎవరి మీద కోప్పడాలో తెలియకపోతే నాకు ఊపిరాడదు, ఆరోజు అట్లాగే అయింది.

తిరిగి వచ్చేటప్పుడు కారు వెనక సీటు నిండా ఎర్రమన్ను సంచులు, ఎరువు, గంగయ్య ఇచ్చిన చీనీ అంటు, లక్షుమ్మ పీకి ఇచ్చిన వంగ, మిరప నారు. బండి వాసన ఉగాది దాకా పోలేదు. వేంపల్లె దాటాక ఆమె బేరం బయటపెట్టింది.

"మిద్దె మీద సెట్లు పెడదాం. నీళ్ళు నువ్వు పొయ్యాల, నేను కూసోని సూస్తా. అవి కడుపునిండా తాగితే నేను నీ మిషను కాడికి వస్తా. ఒక్క సెట్టు ఎండినా రాను."

"అవ్వా, అది నీ ప్రాణం. దాని మీద నాతో బేరమేంది?"

"నా పానమే గదా. నా ఇష్టమొచ్చినట్టు బేరం పెడతా."

పుట్టి బుద్ధెరిగాక తులసిమొక్క కూడా పెంచని నేను అలా తోటమాలినయ్యాను. ఇష్టపడి కాదు, బెదిరిస్తే. పగిలిన బకెట్లు, నూనె డబ్బాలు, పాత సింకు, ఏది దొరికితే దాంట్లో మన్ను నింపాను. స్లాబు కూలుతుందని మా ఆయన, గోడలు చెమ్మగిల్లుతాయని ఇంటి యజమాని గోల పెట్టారు. వాళ్ళకు జవాబు చెప్పే పని కూడా నాదే. రోజూ పొద్దున ఆమె మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకొచ్చి నీడలో కూర్చునేది. నేను పోస్తుంటే "అంతేనా?" అనేది. "ఇంకా పొయ్యి, అట్ల లోభం పడొద్దు" అనేది. తనకు దక్కని నీళ్ళన్నీ వాటి చేత తాగించేది. వేరు కుళ్ళుతుందని ఎంత చెప్పినా వినలేదు. వంగమొక్క కుళ్ళనే కుళ్ళింది. ఇక ఆస్పత్రికి రానంటుందేమోనని నేను బిక్కచచ్చి నిలబడితే, ఆమె దాన్ని పీకి వేర్లు చూసి, "కడుపునిండా తాగి సచ్చింది, దానికేం తక్కువ" అంది. "ఎండితేనే గదా నేను రాననింది. ఇది ఎండలా." వెళ్ళి ఆటోలో కూర్చుంది. అంతసేపు భయపడ్డందుకు నాకు తలనొప్పి పట్టుకుంది.

ఆ బేరం మీద ఆ ఎండాకాలం గడిచింది, తర్వాత వానలూ చలీ గడిచాయి. మిరపకాయలు, గోంగూర, టమోటాలు కాశాయి. అందులో సగం ఆమె తినకూడనివే. కొంగులో మూట కట్టుకుని వెళ్ళి ఆస్పత్రిలో నర్సమ్మలకు పంచేది. చీనీ అంటు నా నడుం దాకా లేచింది. మరుసటి వేసవికి ఆకులు పాలిపోయి కుండీలన్నీ నీరసించాయి. నేను కొట్లో ఎరువు ప్యాకెట్టు కొన్నాను. ఆమె దాన్ని వాసన చూసి అవతల పెట్టింది. "సంచిలో వచ్చింది సచ్చిన ఎరువు. మంద నిలవాల. ఉచ్చ పడాల" అంది. ఆ మాటను నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఏం చేసేదాన్నో కూడా తెలియదు, ఎందుకంటే అలాంటిది ఒక మనిషికి తోస్తుందని నాకెలా తెలుస్తుంది?

ఒక సాయంత్రం మిషను దగ్గర్నుంచి ఆమెను తీసుకొచ్చి గేటు తీస్తుంటే మెట్ల మీద పెంటికలు కనబడ్డాయి. పై నుంచి గొర్రె అరుపు వినబడింది. నేను పరుగెత్తాను. మిద్దె మీద అయిదారు గొర్రెలు. ఆమె మరిది ఎల్లయ్య పెన్నేట్లో దిగిన తన మంద నుంచి తోలుకొచ్చి, మెట్ల తలుపు వేసి, టీ తాగడానికి పోయాడు. కుండీల చుట్టూ వల కట్టి రాత్రంతా గొర్రెల్ని నిలబెట్టాలని ఆమె అతనితో మాట్లాడుకుందట, ఆ వల కూడా అక్కడే చుట్ట చుట్టి పడి ఉంది. మిరప లేదు. గోంగూర లేదు. చీనీచెట్టు ఆకూ కొమ్మా పోయి మూరెడు మోడు మిగిలింది. ఒక గొర్రె నా ట్యూషన్ పిల్లల పరీక్ష పేపర్లు నములుతోంది.

"యాడన్నా మిద్దె మీద మంద కడతారా?" అని అరిచాను. ఆ భాష నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. "నీకేమన్నా మతుండాదా అవ్వా?"

ఆమె అప్పటికి మెట్లెక్కి వచ్చి, గోడ పట్టుకుని, అంతా చూసింది. తర్వాత నెమ్మదిగా కింద కూర్చుంది.

"సెట్లు పాయ. బేరం గూడా పాయ. ఇంగ నేను మిషను కాడికి రాను."

గొంతులో మొండితనం లేదు. అలసిపోయి, ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్న సాకు దొరికినట్టు అంది. నాకు భయం వేసింది. ఆ భయంలోనే ఆమె చెప్పిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. మంద వల దాటి పైరు మీద పడి మేస్తే, ఆ నష్టానికి దండుగ కట్టాల్సింది మందవాళ్ళే. పంచాయతీలో కూర్చోబెట్టి అడుగుతారు, ఏది న్యాయమంటే అది ఒప్పుకోవాలి.

"మంద ఎవరిది?" అన్నాను.

"మా మరిదిది. అంటే మాదే."

"మేసింది ఎవరి పైరు?"

ఆమె తలెత్తి నన్ను చూసింది. "నీది."

"అయితే దండుగ నువ్వు కట్టాలి. ఇకమీదట చెట్లున్నా ఎండినా, నీళ్ళు నేను పోసినా పొయ్యకపోయినా, నువ్వు మిషను దగ్గరికి రావాల్సిందే. ఒక్కసారి కూడా ఎగ్గొట్టడానికి లేదు. అదే దండుగ."

ఆమె గొర్రెల వైపు చూసింది, మోడు వైపు చూసింది. పెద్దమనుషులు ఆలోచించినట్టే ఆలోచించింది. "న్యాయమే" అంది. ఆ తర్వాత నిజంగానే ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు. జ్వరమొచ్చినా, వాన పడినా, చెయ్యి వాచినా తయారై ఆటో కోసం అరుగు మీద కూర్చునేది. ఎవరైనా పలకరిస్తే "దండుగ కట్టనీకి పోతాండా" అని చెప్పేది. డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు. ఈమెను మీరు బాగా మార్చారన్నాడు. మార్చింది అయిదారు గొర్రెలని ఆయనకు చెప్పడం నా వల్ల కాలేదు.

చీనీ మోడు కూడా ఊరుకోలేదు. వానలకు చిగురించింది, కాని అంటు కట్టిన చోటికి కింద. ఆకు వేరు, కొమ్మకంతా ముళ్ళు. ఫోన్ చేస్తే గంగయ్య, అది చీనీ కాదమ్మా, అంటుకు అడుగున వాడే జంబేరి, పుల్లటి కాయ కాస్తుంది, పీకేసెయ్యండి అన్నాడు. అవ్వ పీకనివ్వలేదు. "ముల్లుండాది గదా, గొర్రె మెయ్యదు. ఉండనీ" అంది. ఇప్పుడది మిద్దె మీద అన్నిటికంటే పెద్ద చెట్టు, కాయ కోసినప్పుడల్లా నా చెయ్యి చీరుకుపోతుంది.

ఆ తర్వాతి ఏడాది వైశాఖంలో ఆమె గుండె బలహీనపడింది. సూది గుచ్చే చేతిలో నరం పనిచేయడం మానేసింది. ఇంకో దారి చూడటానికి ఒంట్లో శక్తి లేదన్నారు. డాక్టరు ఓబులేసునూ నన్నూ పక్కకు పిలిచి, ఇక మిషను ఆమె తట్టుకోలేదని, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టమని చెప్పాడు. ఓబులేసు లారీ వదిలి వచ్చేశాడు. అయినా పాపం, పొద్దున్నే అలవాటు చొప్పున ఆ చిన్న బాటిలే నింపి తల్లి పక్కన పెట్టేవాడు. ఇక కొలవక్కర్లేదని అతనికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అలా చెప్పడమంటే మిగతాదంతా చెప్పినట్టే కదా.

ఒక మధ్యాహ్నం అతను మందుల కోసం వెళ్ళినప్పుడు నేను పక్కన కూర్చున్నాను. ఆమె కళ్ళు తెరిచి "మే" అంది. నీరుగంటి అనలేదు.

"సెంబు నిండా నీళ్ళు ఇయ్యి."

నేను కదల్లేదు. నాకు అలవాటైపోయింది, దానికి బదులు ఆమె ఏదో ఒకటి చెబుతుంది, ఏదో ఒక బేరం పెడుతుందని ఎదురుచూశాను. ఆమెకు అర్థమైంది.

"బేరం లేదు మే. నా కాడ ఏం లేదు. ఈసారికి ఊరికే ఇయ్యి."

లేచి క్యాను వంచి చెంబు నిండా, అంచు దాకా నింపాను. తల ఎత్తి పట్టుకుంటే తాగింది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ తాగింది. నేను ఆమె గొంతునే చూశాను. చెంబు ఖాళీ అయ్యాక మూతి తుడుచుకోవాలని చెయ్యి ఎత్తబోయింది, చేతకాలేదు, నేను కొంగుతో తుడిచాను. ఆమె ముఖం చిట్లించింది.

"సప్పగుండాయి. ఈ క్యాను నీళ్ళ కోసమా మే మనం ఇన్నాళ్ళు కొట్లాడుకునింది?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ మర్నాటి పొద్దున పోయింది.

ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా, పార్సిలు తెచ్చినవాళ్ళయినా, చందాలకొచ్చినవాళ్ళయినా, ఎందుకొచ్చారని అడిగే ముందు నీళ్ళు తెచ్చిస్తాను. గ్లాసుతో కాదు, చెంబుతో. వచ్చినవాళ్ళ నాలుగేళ్ళ పిల్లకు కూడా చెంబుతోనే ఇస్తావేమిటని మా ఆయన విసుక్కుంటాడు. వచ్చినవాళ్ళు మొహమాటపడి రెండు గుక్కలు తాగి పక్కన పెడితే, నవ్వుతూ లోపలికి పట్టుకెళ్తాను కాని, ఎవరికి కనబడినా కనబడకపోయినా, నాకు ఒళ్ళు మండిపోతుంది.